వెంటిలేటర్ మీదున్న రోగి ఊపిరితిత్తుల్లో నీరెంత: ఏ కొలత, ఎవరికి, ఎప్పుడు

ఐసీయూ రౌండ్స్‌లో దాదాపు రోజూ నడిచే వాదన ఇది. బీపీ తక్కువగా ఉంది కాబట్టి ఇంకో అర లీటరు సెలైన్ ఎక్కించాలా, లేక ఆక్సిజన్ అవసరం పెరుగుతోంది కాబట్టి లాసిక్స్ ఇచ్చి నీరు తీయాలా? రెండు మాటలూ ఒకే రోగి గురించి, ఒకే బెడ్ దగ్గర వినిపిస్తాయి. ఊపిరితిత్తుల్లో నీరు ఎంత ఉందో, పెరుగుతోందో తగ్గుతోందో తెలిస్తే సగం వాదన అక్కడే ఆగిపోతుంది. తెలుసుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి: ఎక్స్‌రే, ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్ట్ (ఒంట్లోకి పోయిన, బయటికొచ్చిన ద్రవాల లెక్క), అల్ట్రాసౌండ్, థర్మోడైల్యూషన్ (చల్లటి సెలైన్ ఎక్కించి నీటిని లెక్కగట్టే పద్ధతి), సీటీ, కొన్ని రక్తపరీక్షలు. అన్నీ ఒకే సంగతి చెప్పవు. ఒకటి చెప్పాల్సింది ఇంకొకదాన్ని అడిగినప్పుడే చిక్కంతా.

నా సలహా ముందే చెప్పేస్తాను. జిల్లా స్థాయి ఆసుపత్రి ఐసీయూలో ఎక్కువమందికి రోజూ చేసే అల్ట్రాసౌండ్, నిజాయితీగా రాసిన చార్ట్ ఉంటే చాలు. షాక్ (బీపీ పడిపోయి అవయవాలకు రక్తం చాలకపోవడం), ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని నీరు పట్టే స్థితి) రెండూ ఒకేసారి ఉన్న కొద్దిమందికి థర్మోడైల్యూషన్ ఖర్చుకు తగ్గ పని చేస్తుంది. ఎక్స్‌రే వేరే పనులకు కావాలి. సీవీపీ (గుండె కుడివైపు చేరే రక్తపు ఒత్తిడి) అంకె చూసి ఊపిరితిత్తుల నీటిని అంచనా కట్టడం మాత్రం మానేయాలి. ఎందుకో కింద చెబుతాను.

కొలిచేది ఏ నీటిని?

ఊపిరితిత్తుల రక్తనాళాల బయట, కణజాలంలోనూ గాలిగదుల్లోనూ ఉండే నీటి గురించి మాట్లాడుతున్నాం. ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య చేరే నీరు వేరు. అక్కడైతే ట్యూబు వేసి లీటరు తీసి బ్యాగులో చూపించొచ్చు. లోపలి నీటిని అలా తీయలేం, తడిసిన దూదిలోంచి సూదితో నీరు లాగలేం కదా. "పైపు వేసి తీసేయొచ్చు కదా డాక్టరుగారూ" అని అటెండెంట్లు అడిగేది చాలాసార్లు ఈ రెండూ కలిసిపోవడం వల్లే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఈ నీరు కొంత ఉంటుంది. లెక్క కిలోకి 3 నుంచి 7 మిల్లీలీటర్లు. 10 దాటితే ఊపిరితిత్తులు నీరు పట్టినట్టే. ఇక్కడ కిలో అంటే బెడ్ మీద తూగే బరువు కాదు, ఎత్తును బట్టి వచ్చే ఊహించిన బరువు. 170 సెంటీమీటర్ల మగవాడికి అది సుమారు 66 కిలోలు. అతనికి కొలత 15 వచ్చిందంటే లోపల దాదాపు లీటరు నీరుంది. అతని అసలు బరువు 95 కిలోలైతే, ఆ బరువుతో భాగించినప్పుడు అదే లీటరు పదిన్నరే అనిపిస్తుంది. లావుగా ఉన్న రోగిలో జబ్బు తీవ్రత తక్కువగా కనబడేది ఇలాగే.

నీరు చేరడానికి ముఖ్యమైన దారులు రెండు. గుండె ఎడమవైపు ఒత్తిడి పెరిగి నీరు బయటికి నెట్టుకురావడం ఒకటి, రక్తనాళం గోడే దెబ్బతిని కారడం రెండోది. రక్తనాళాల్లో ఒత్తిళ్ల లెక్కను స్టార్లింగ్ 1896లోనే చెప్పాడు. వైద్యం మాత్రం దారిని బట్టి మారుతుంది. మొదటిదానిలో లాసిక్స్, బీపీ మందులు గంటల్లో పనిచేస్తాయి. రెండోదానిలో గోడ మానేదాకా ఓపిక పట్టాలి, ఈలోపు అనవసరమైన నీరు ఎక్కించకుండా చూసుకోవాలి. కాబట్టి మంచి కొలత ఎంత అన్నదానితోపాటు ఎందుకు అన్నదానికి కూడా కాస్త ఆధారం ఇవ్వాలి.

వెంటిలేటర్ వల్ల వచ్చే తికమక

మిషన్ ఛాతీలోకి ఒత్తిడితో గాలి పంపుతుంది. పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిషన్ నిలిపి ఉంచే ఒత్తిడి) 5 నుంచి 12కి పెంచితే మూసుకుపోయిన గాలిగదులు తెరుచుకుంటాయి, గదుల్లోని నీరు కొంత చుట్టూ ఉన్న కణజాలంలోకి జరుగుతుంది, ఆక్సిజన్ 88 నుంచి 95కి వస్తుంది. మానిటర్ చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ నీరు తగ్గలేదు, చోటు మారింది. పైగా ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడుతుంది. బీపీ పడిందని సెలైన్ పెడతాం. ఆ ఒత్తిడికి లింఫ్ నాళాల ద్వారా నీరు బయటపడే దారీ మందగిస్తుంది. ఏ కొలత తీసినా పక్కనే ఆ సమయంలో పీప్ ఎంతో, రోగి ఏ భంగిమలో ఉన్నాడో రాయాలని పట్టుబట్టేది అందుకే.

ఎక్స్‌రే

పోర్టబుల్ ఎక్స్‌రే అన్నిచోట్లా ఉంది, చవక, అందరికీ అలవాటు. వెల్లకిలా పడుకున్న రోగికి ముందు నుంచి తీసే ఫిల్ములో గుండె ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. చుట్టూ చేరిన నీరు వెనక్కి పరుచుకుని ఊపిరితిత్తి అంతా మసకబారినట్టు చూపిస్తుంది. లోపలి నీరు బాగా పెరిగాకగానీ ఫిల్ములో తేలదు, తగ్గాక కూడా ఆ మసక కొంతకాలం అలాగే ఉంటుంది. పీప్ పెంచి తీస్తే ఊపిరితిత్తులు ఉబ్బి నల్లగా, శుభ్రంగా కనిపిస్తాయి. నిన్న పీప్ 6 మీద, ఈరోజు 12 మీద తీసిన రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి "చాలా క్లియర్ అయింది" అనడం ఐసీయూల్లో మామూలే.

అందుకని ఎక్స్‌రే మానమని కాదు. ట్యూబు సరైన చోట ఉందా, సెంట్రల్ లైన్ కొస ఎక్కడుంది, ఊపిరితిత్తి కుప్పకూలిందా అన్నవాటికి అదే కావాలి. నాలుగు భాగాలుగా చూసి 0 నుంచి 48 దాకా మార్కులు వేసే రేల్ స్కోరు వాడితే "కాస్త బెటర్", "అలాగే ఉంది" లాంటి మాటలకంటే నయం.

చార్ట్

ఇది మిషన్ కాదు కాబట్టి దీని మీద ఎవరికీ గౌరవం ఉండదు. నాకైతే అల్ట్రాసౌండ్ తర్వాతి స్థానం దీనిదే.

ఉత్తర అమెరికాలో వెయ్యిమంది రోగులతో జరిగి 2006లో ఫలితాలొచ్చిన ఎఫ్‌ఏసీటీటీ పరిశోధన తెలిసిందే. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో ఒక గుంపుకు ద్రవాలు ధారాళంగా, ఇంకో గుంపుకు బిగించి ఇచ్చారు. ఏడో రోజుకు మొదటి గుంపు దాదాపు 7 లీటర్లు మిగులులో ఉంటే, రెండోది ఇంచుమించు సున్నా దగ్గర ఉంది. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ మొదటి 28 రోజుల్లో వెంటిలేటర్ అవసరం లేకుండా గడిచిన రోజులు 12.1 నుంచి 14.6కి పెరిగాయి. ఐసీయూ బిల్లు కట్టే కుటుంబానికి రెండున్నర రోజులంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

అయితే చార్ట్ నిజం చెప్పాలి. బెడ్ కాళ్ల దగ్గర వేలాడే ఆ షీట్ ఒకసారి దగ్గరగా చూడండి. సెలైన్ బాటిళ్లు, రైల్స్ ట్యూబు (ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) ఫీడ్లు రాసి ఉంటాయి. మెరోపెనెమ్ యాంటీబయాటిక్ రోజుకు మూడుసార్లు, ఒక్కోటి 100 మిల్లీలీటర్లలో కలిపి ఇచ్చింది ఉండదు. జ్వరానికి ఇచ్చిన పారాసిటమాల్ బాటిళ్లు మూడు ఉండవు. అక్కడికే 600. బీపీ నిలబెట్టే నారడ్రినలిన్, మత్తుమందు, పొటాషియం కలిపిన ద్రవాలు, లైన్ ఫ్లష్‌లు కలిపితే లీటరు దాటుతుంది. "నిన్నటి నుంచి ఏమీ ఎక్కించలేదు" అని మనం అనుకునే రోగికి రోజుకో లీటరు లోపలికి పోతూ ఉంటుంది. మందులను వీలైనంత తక్కువ ద్రవంలో, సిరంజి పంపులో ఇవ్వడం, ఆ అంకెలను కూడా షీట్‌లో ఎక్కించడం ఒక్క సిస్టర్ పట్టించుకున్నా జరిగే పని.

చార్ట్ పరిమితి కూడా స్పష్టమే. ఒంట్లో నీటి మిగులు చెబుతుంది, అది కాళ్లలో ఉందో, పేగుల్లో ఉందో, ఊపిరితిత్తుల్లో ఉందో చెప్పదు. సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితిలో) మిగులు సున్నా ఉన్నా ఊపిరితిత్తులు కారుతూ ఉండొచ్చు. జ్వరం, చెమట, విరేచనాల లెక్క ఎప్పుడూ అంచనాయే. బరువు తూచే బెడ్ ఉంటే రోజూ ఒకే సమయానికి తూచి పోల్చుకోవచ్చు, లేనిచోట దాని గురించి బెంగ అక్కర్లేదు.

అల్ట్రాసౌండ్

ఊపిరితిత్తిలో గాలి ఉంటే శబ్దతరంగాలు లోపలికి పోవు, అందుకే దశాబ్దాలపాటు ఇక్కడ స్కాన్ పనికిరాదనుకున్నారు. ఫ్రాన్స్‌లో డానియెల్ లిక్టెన్‌స్టైన్ 1990ల్లో అడ్డువచ్చే ఆ గీతలనే చదవొచ్చని చూపించాడు. గాలి పక్కన నీరు చేరినప్పుడు ఊపిరితిత్తి పొర గీత నుంచి మొదలై స్క్రీన్ కింది అంచుదాకా చెదరకుండా దిగే తెల్లటి నిలువు గీతలు వస్తాయి. ఊపిరితో పాటు అవీ కదులుతాయి. వాటినే బీ లైన్లు అంటారు. రెండు పక్కటెముకల మధ్య ఒక చోట మూడు లేదా అంతకుమించి ఉంటే అది మామూలు కాదు.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. ఒక్కో వైపు ఆరు చోట్ల, మొత్తం పన్నెండు చోట్ల ప్రోబ్ (ఒంటికి ఆనించే స్కాన్ పరికరం) పెట్టాలి. గీతలు లేకపోతే 0, విడివిడిగా ఉంటే 1, కలిసిపోయి తెల్లబడితే 2, గాలి పూర్తిగా పోయి ఊపిరితిత్తి కాలేయంలా గట్టిపడి కనిపిస్తే 3. మొత్తం 36 మార్కులు. అలవాటైతే పది నిమిషాల పని. నీరు తీసిన కొద్ది గంటల్లోనే మార్పు కనబడటం దీని పెద్ద బలం. డయాలసిస్ మొదలుపెట్టినప్పుడు నిండుగా ఉన్న గీతలు అది ముగిసేసరికి పలచబడటం బెడ్ పక్కనే చూడొచ్చు.

ఎందుకు నీరు చేరింది అన్నదానికీ ఇది ఆధారమిస్తుంది. గుండె వల్లయితే గీతలు రెండువైపులా సమంగా ఉంటాయి, పొర గీత సన్నగా, నున్నగా ఉంటుంది. ఏఆర్‌డీఎస్‌లో పొర గీత దళసరిగా, తెగినట్టు కనబడుతుంది. కొన్నిచోట్ల నిండా గీతలు, పక్కనే ఒక జాగా శుభ్రంగా ఉంటుంది, పొర కిందే చిన్న చిన్న గట్టి ముక్కలు కనిపిస్తాయి. ప్రోబ్ అలాగే కాస్త జరిపితే గుండె కొట్టుకునే తీరు, చుట్టూ చేరిన నీరు కూడా తేలిపోతాయి.

మోసపోయే చోట్లూ ఉన్నాయి. బీ లైన్ అంటే నీరే అని రాసి లేదు. న్యుమోనియాలో వస్తాయి, ఊపిరితిత్తి పీచుగట్టిన పాత జబ్బుల్లో జీవితాంతం ఉంటాయి. అలాంటి రోగికి లాసిక్స్ మీద లాసిక్స్ ఇచ్చి కిడ్నీలు ఎండబెట్టిన సందర్భాలు ఐసీయూ డాక్టర్లందరికీ తెలుసు. చర్మం కింద గాలి చేరితే, ఛాతీ మీద పెద్ద కట్లుంటే, రోగి మరీ లావుగా ఉంటే చిత్రం సరిగా రాదు. కొత్త మిషన్లలో బొమ్మ అందంగా రావడానికి పెట్టిన కొన్ని సెట్టింగ్‌లు ఈ గీతలను చెరిపేస్తాయి, వాటిని ఆపేసి చూడాలి. ఇద్దరు చూస్తే రెండు స్కోర్లు రావొచ్చు. వీలైనంతవరకు ఒకే మనిషి, ఒకే భంగిమలో, ఒకే ప్రోబ్‌తో చూడటం మేలు.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. గర్భంలో శిశువు లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద అల్ట్రాసౌండ్ మిషన్ ఏదైనా రిజిస్టర్ అయి ఉండాలి, ఐసీయూలో ఊపిరితిత్తులకే వాడతామన్నా సరే. జేబులో పట్టే ప్రోబ్‌లు ఆన్‌లైన్‌లో చూసి ఆశపడే యువ డాక్టర్లు ముందు ఆసుపత్రి రిజిస్ట్రేషన్ పేపర్లు, వాడేవాళ్ల జాబితాలో తమ పేరు చూసుకోవాలి. మిషన్ రేడియాలజీ గదిలో తాళం వేసి ఉండటానికి చాలాసార్లు కారణం ఈ భయమే. పేపర్లు సరిచేసుకుని మిషన్‌ను ఐసీయూకి తెచ్చుకోవడం మీద పెట్టే శ్రమ వృథా కాదు. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం ఏఆర్‌డీఎస్‌కు ఎక్స్‌రే గానీ సీటీ గానీ కావాలంది. 2023లో వచ్చిన కొత్త ప్రపంచ నిర్వచనం చేయి తిరిగినవాళ్లు చేసిన అల్ట్రాసౌండ్‌ను కూడా ఒప్పుకుంది.

థర్మోడైల్యూషన్

బెడ్ దగ్గర మిల్లీలీటర్లలో అంకె ఇచ్చేది ఇదే. మనవాళ్లు పికో అని పిలిచే మిషన్ ఈ రకం. మెడ దగ్గర సెంట్రల్ లైన్ ఉండాలి, తొడ ధమనిలో కొసకు ఉష్ణోగ్రత కొలిచే తీగ ఉన్న ప్రత్యేక కాథెటర్ ఉండాలి. 8 డిగ్రీల కంటే చల్లటి సెలైన్ 15 మిల్లీలీటర్లు సెంట్రల్ లైన్లోంచి గబుక్కున తోస్తారు. ఆ చల్లదనం గుండె, ఊపిరితిత్తులు దాటి తొడ దాకా వచ్చేసరికి ఎంత తగ్గింది, ఎంతసేపు సాగింది అన్నదాన్ని బట్టి మిషన్ లెక్క కడుతుంది. రక్తం రక్తనాళాల్లోనే ఉంటుంది, చల్లదనం మాత్రం పక్కనున్న నీటిలోకీ పాకుతుంది. ఆ తేడాయే ఊపిరితిత్తుల నీరు. మూడుసార్లు చేసి సగటు తీసుకోవాలి.

దీంతోపాటే నాళాల కారుడు సూచిక ఒకటి వస్తుంది. నీరు ఎక్కువగా ఉండి ఈ సూచిక 3 దాటితే గోడ కారుతోందని, నీరు ఎక్కువైనా సూచిక మామూలుగా ఉంటే ఒత్తిడి వల్ల అని అనుమానించాలి. రెండు, మూడు మధ్య వస్తే అటూ ఇటూ తేల్చదు, అప్పుడు మళ్లీ ప్రోబే.

ఎవరికి పెట్టాలి? నారడ్రినలిన్ డోసు గంటగంటకీ పెరుగుతూ, అదే సమయంలో ఆక్సిజన్ 80 శాతం పెట్టినా నిలబడని రోగికి. అక్కడ 250 మిల్లీలీటర్లు ఎక్కించడం మేలో కీడో అంచనాతో చెప్పలేం. షాక్ తేలికగా ఉన్నవాడికి, రేపో ఎల్లుండో ట్యూబు తీయబోతున్నవాడికి ఇది దండగ. కాథెటర్ ఒక్కరికే వాడి పారేసేది, ఆ ఖర్చు రోగి మీదే పడుతుంది. ధమనిలో పెట్టిన ఏ గొట్టానికైనా రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాలికి రక్తం ఆగడం లాంటి ముప్పులు తప్పవు.

అంకె కనబడింది కదా అని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఊపిరితిత్తుల రక్తనాళంలో పెద్ద గడ్డ అడ్డుపడితే చల్లదనం ఆ భాగానికి చేరదు, నీరు తక్కువగా చూపిస్తుంది. ఊపిరితిత్తి కొంత తీసేసినవాళ్లలోనూ లెక్క తప్పుతుంది. ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే మిషన్) నడుస్తుంటే చల్లటి సెలైన్ సర్క్యూట్‌లోకి పోతుంది, కొలత మీద ఆధారపడలేం. రెండు కొలతల మధ్య దాదాపు 12 శాతం కంటే తక్కువ తేడాను మార్పుగా తీసుకోకూడదు. 14 నుంచి 13కి వచ్చిందని సంబరపడటానికి ఏమీ లేదన్నమాట.

మిగతావి

సీవీపీ కుడివైపు గుండెలోకి రక్తం చేరేచోట ఒత్తిడి. పీప్ పెంచితే అదీ పెరుగుతుంది. దాన్నిబట్టి ఊపిరితిత్తుల నీరు చెప్పడం కుదరదు. పల్మనరీ ఆర్టరీ కాథెటర్‌తో కొలిచే వెడ్జ్ ఒత్తిడి (గుండె ఎడమవైపు ఒత్తిడికి అంచనా) 18 దాటితే గుండె కారణమని చెప్పొచ్చుగానీ నీటి పరిమాణం రాదు. బీఎన్‌పీ రక్తపరీక్ష గుండె మీద భారాన్ని చెబుతుంది, కిడ్నీ జబ్బులో ఊరికే పెరుగుతుంది. సీటీ అద్భుతంగా చూపిస్తుంది. కానీ వెంటిలేటర్, మూడు పంపులు, మానిటర్‌తో రోగిని లిఫ్టులో దించి, టేబుల్ మీదకు మార్చి, వెనక్కి తేవడమంటే ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుసు. రోజువారీ కొలతకు అది దారి కాదు.

ఇంకో మాట. పైవాటిలో ఏదీ "సెలైన్ ఇస్తే గుండె బాగా పంప్ చేస్తుందా" అన్నదానికి జవాబు కాదు. అది వేరే పరీక్ష. కాళ్లు పైకెత్తించి ఒక నిమిషంలో గుండె పంపింగ్ పెరిగిందో లేదో ఎకోలో చూడటం సులువైన దారి. ఊపిరితిత్తుల కొలత చెప్పేది ఆ సెలైన్‌ను అవి తట్టుకుంటాయా అన్నది. గుండెకు మేలు, ఊపిరితిత్తికి కీడు అని రెండు జవాబులూ ఒకేసారి రావొచ్చు. అప్పుడు సెలైన్ బదులు నారడ్రినలిన్ కాస్త పెంచడం నాకు సబబనిపిస్తుంది.

మన వార్డుల్లో ఎలా ఎంచుకోవాలి

డెంగీ రోగిని తీసుకోండి. రక్తనాళాలు కారే గడ్డు కాలం 24 నుంచి 48 గంటలు, అప్పుడు ద్రవాలు ఇవ్వక తప్పదు. ఆ తర్వాత బయటికి పోయిన ద్రవం తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా పాత ఆర్డర్ ప్రకారం సెలైన్ నడుస్తుంటే ఊపిరితిత్తులు మునిగిపోతాయి. ప్లేట్‌లెట్లు ఇంకా తక్కువే ఉన్న ఈ రోగికి తొడ ధమనిలో గొట్టం పెట్టే సాహసం ఎందుకు? ప్రోబ్ చాలు. పూటకోసారి చూసి, గీతలు పెరుగుతుంటే డ్రిప్ ఆపేయడమే.

పురుగుమందు తాగి వచ్చిన రోగిది ఇంకో కథ. ట్యూబులోంచి నురగ పొంగుతుంది, ఛాతీ గరగరలాడుతుంది, చూసినవాళ్లు నీరు చేరిందనుకుంటారు. ఆర్గానోఫాస్ఫేట్ మందుల్లో అది శ్వాసనాళాల గ్రంథుల స్రావం. లాసిక్స్‌తో తగ్గదు. ఛాతీ పొడిబారేదాకా అట్రోపిన్ ఇవ్వాలి. ఇక్కడ ముందు కావాల్సింది స్టెతస్కోపు. ఆ స్రావాలు తగ్గాక కూడా ఆక్సిజన్ రాకపోతే అప్పుడు ప్రోబ్ తీయండి.

సెప్సిస్ రోగికి మొదటి రోజు ద్రవాలు పోస్తూ ప్రోబ్‌తో చూస్తూ ఉండాలి. రెండో రోజుకు షాక్ ముదిరి, ఊపిరితిత్తులూ చెడితే, మిషన్ ఉన్న చోట థర్మోడైల్యూషన్ పెట్టించండి, లేని చోట ఎకో, ప్రోబ్ కలిపి నడపండి. మూడో రోజు నుంచి షాక్ తగ్గుతుంటే చార్ట్‌ను సున్నాకు, తర్వాత మైనస్‌కు తేవడమే ముఖ్యమైన పని. ఆ దశలో ఖరీదైన అంకెలేమీ అక్కర్లేదు.

ట్యూబు తీసే ముందు మళ్లీ కొలత అవసరమవుతుంది. మిషన్ ఒత్తిడి ఆగగానే గుండెకు రక్తం ఒక్కసారిగా ఎక్కువ చేరుతుంది, బలహీనమైన గుండె దాన్ని తట్టుకోలేక ఊపిరితిత్తుల్లోకి నీరు వదులుతుంది. టీ పీస్ మీద (ట్యూబు ఉంచి, మిషన్ తీసి, సొంతంగా ఊపిరి పీల్చనిచ్చే పరీక్షలో) అరగంట బాగానే ఉన్న రోగి ట్యూబు తీసిన రాత్రి మళ్లీ ఆయాసపడటానికి ఇదొక ముఖ్యమైన కారణం. టీ పీస్ పెట్టే ముందు ఒకసారి, చివర్లో ఒకసారి పన్నెండు చోట్లా ప్రోబ్ పెట్టి చూడండి. 2012లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పరిశోధనలో ఈ పరీక్ష చివర స్కోరు 13 లోపు ఉన్నవాళ్లకు ట్యూబు తీశాక ఆయాసం వచ్చే అవకాశం బాగా తక్కువ, 17 దాటినవాళ్లకు బాగా ఎక్కువ అని తేలింది. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో బీఎన్‌పీ చూసి లాసిక్స్ నడిపితే మిషన్ నుంచి త్వరగా బయటపడ్డారు. ప్రోబ్ పట్టేవాళ్లు లేని చోట బీఎన్‌పీని నేను ఒప్పుకునేది ఈ ఒక్క సందర్భంలోనే. స్కోరు 17 దాటిందనుకోండి, ఆ పూట ట్యూబు ఉంచి, నీరు తీసి, బీపీ సరిచేసి మర్నాడు పొద్దున మళ్లీ టీ పీస్ పెట్టి చూస్తాం.